ముందు గదిలో సింహాసనం

ఆ రోజు పొద్దున టెంటాయన దేవుడి ముందు కళ్లు మూసుకుని నిలబడ్డాడు కానీ, ఏం అడగాలో ఒక పట్టాన తేల్చుకోలేకపోయాడు. రోజూ అయితే ఇబ్బంది లేదు. వ్యాపారం పుంజుకునేలా చూడు స్వామీ అని దణ్ణం పెట్టుకుని కాఫీకి వెళ్లిపోయేవాడు. ఇవాళ మాత్రం పదకొండు గంటలకు యూనివర్సిటీ నుంచి విచారణాధికారి ఇంటికి వస్తున్నాడు. వ్యాపారం పడిపోయిందని ఆయన కళ్లారా చూసి నమ్మితేనే కూతురికి ఫీజు రాయితీ పెరుగుతుంది. కాసేపు తటపటాయించి, "పుంజుకోనీ స్వామీ, కానీ మధ్యాహ్నం నుంచి" అని సర్దుకున్నాడు. దేవుడికి ఇలా వేళలు చెప్పవచ్చునా అన్న అనుమానం వచ్చింది. అడిగేశాక వెనక్కి తీసుకోవడం ఇంకా బాగుండదని ఊరుకున్నాడు.

పెళ్లిళ్లకూ సభలకూ టెంట్లు, కుర్చీలు, తివాచీలు, దీపాలు అద్దెకిచ్చే వ్యాపారం ఆయనది. అందుకే వీధిలో అందరికీ టెంటాయన. కూతురు ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. ఆమె చేరినప్పుడు యూనివర్సిటీవాళ్లు అంతకు ముందటి ఏడాది ఆదాయం చూసి, అందుకు తగ్గట్టు రాయితీ కొంచెమే ఇచ్చారు. అప్పుడు రోజులు బాగున్నాయి. ఆ తరువాత దగ్గరలోనే రెండు కొత్త ఫంక్షన్ హాళ్లు వెలిశాయి. కుర్చీలు, దీపాలు, వేదిక అన్నీ వాళ్లవే. టెంటాయనను పిలిచేవాళ్లు లేకుండా పోయారు. పరిస్థితి మారింది కనుక రాయితీని సవరించండి అని అమ్మాయి దరఖాస్తు పెట్టుకుంది. ఈ నెలాఖరులోగా అది తేలకపోతే ఆమెను ఆఖరి పరీక్షలకు కూర్చోనివ్వరు.

చిక్కల్లా ఒక్కటే. పని తగ్గాక అద్దె దండగని టెంటాయన గోడౌను ఖాళీ చేసేశాడు. సామానంతా ఇంట్లోకి వచ్చింది. దాంతో ఆ కుటుంబానికి ఇబ్బందులు పెరిగిన కొద్దీ ఇంటి వైభవం పెరిగింది. నడవాలో ఎర్ర తివాచీ పరుచుకుంది. పడకగదిలో కుర్చీల దొంతరలు కప్పుదాకా లేచాయి. బంగారు రంగు స్తంభాల మీద ఇల్లాలు తువ్వాళ్లు ఆరేసుకుంటోంది. పెద్ద గాజు దీపాల గుత్తికి మరెక్కడా చోటు దొరక్క వంటింట్లో పొయ్యికి ఎదురుగా వేలాడదీశారు. ఇక ముందు గదిలో, తలుపు తీయగానే ఎదురుగా, ఎర్ర మఖమలు పరిచి రెండు పక్కలా సింహాల తలలు చెక్కిన సింహాసనం. నూతన వధూవరులు కూర్చునేది. ఇప్పుడు అమ్మాయి దాని మీదే బాసింపట్టు వేసుకుని పరీక్షలకు చదువుకుంటోంది. ఇంట్లో మరో చోటు లేదు.

"నాన్నా, ఇది చూస్తే మనకి రాయితీ ఇవ్వరు. మననే విరాళం అడుగుతారు" అంది అమ్మాయి.

"సింహాసనం ఒక్కటీ తీసేద్దాం. మిగతావి లోపలున్నాయిగా, తలుపులు మూసేస్తే సరి" అన్నాడు టెంటాయన.

అదీ పథకం. సింహాసనం ఒక్కటీ బయట, ఇంటి పక్కన పెట్టాలి. అధికారి వెళ్లగానే మళ్లీ లోపలికి. సాయానికి ఇల్లాలి తమ్ముడు వచ్చాడు. మైకు సెట్లు అద్దెకిచ్చేది అతనే కనుక అందరూ మైకు మామయ్య అనేవారు. సాయం చేయడంలో అతనికి హద్దు తెలియదు.

ఇద్దరూ సింహాసనాన్ని ఎత్తారు. వాకిలి దగ్గరకు వెళ్లేసరికి, మొన్న అక్కడికి చేర్చిన కుర్చీల దొంతరలు అడ్డం వచ్చాయి.

"బావగారూ, ముందు ఇవి బయట పెడితేగానీ అది కదలదు."

"పెట్టు, ఎంతసేపు!"

కుర్చీలు వీధిలోకి వెళ్లాయి. వాటి వెనకే సింహాసనం వెళ్లింది. ఎండ చురుక్కుమంటోంది. మఖమలు మీద ఎండ పడితే రంగు వెలిసిపోతుందని టెంటాయన ప్రాణం విలవిల్లాడింది. "ఒక్క గుడ్డ కడదాం, నీడకి" అన్నాడు. గుడ్డ కట్టాలంటే గుంజలు పాతాలి. టెంటు కట్టేవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది, వంకరగా కట్టలేరు. ఒక మూల లాగితే రెండో మూల వేలాడింది, రెండోది లాగితే మూడోది. అన్ని మూలలూ సరిచేసేసరికి ఇంటి ముందు నిండు టెంటు లేచి నిలబడింది. సింహాసనం కాళ్లకు మట్టి అంటకుండా కింద తివాచీ పడింది. చాలా కాలంగా పని లేని చేతులు. అవి అంతటితో ఊరుకోలేదు. దొంతరలుగా ఉన్న కుర్చీలను వాటంతట అవే విడదీసి, వరసలుగా వేసి, మధ్యలో దారి కూడా వదిలాయి. తలెత్తి చూసుకుని టెంటాయన తనే తెల్లబోయాడు.

"ఏవండీ! దాచమంటే ఈ అలంకారం ఏమిటండీ?" అంటూ ఇల్లాలు పరుగెత్తుకొచ్చింది.

"దాస్తున్నాంగా" అన్నాడు ఆయన బలహీనంగా.

అప్పటికే మైకు మామయ్య ఈ ఇంట్లోనే ఉంచుకునే తన మైకు పెట్టె కూడా దారికి అడ్డంగా ఉందని బయటికి తెచ్చేశాడు. తెచ్చినవాడు ఊరుకోవచ్చు. పెట్టె తెరిస్తే మైకు పని చేస్తుందో లేదో చూడకుండా మూయడం అతని వృత్తిధర్మానికి విరుద్ధం. "హలో... హలో... మైకు టెస్టింగ్" అన్న మాట వీధి చివరి మలుపు దాకా వినిపించింది.

నీడ, ఖాళీ కుర్చీలు, మైకు. ఈ మూడూ ఒకచోట కనబడితే మనిషి కూర్చోకుండా ముందుకు వెళ్లలేడు. ముందు ఎదురింటి పెద్దాయన పేపరుతో సహా వచ్చి కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాడు కనుక ఇంకో ఇద్దరు కూర్చున్నారు. కూరగాయల సంచులతో వెళ్తున్న ఆడవాళ్లు సంచులు కింద పెట్టి కూర్చున్నారు. ఎందుకో ఎవరికీ తెలియదు.

"ఉచిత కంటి పరీక్షలట కదా?"

"కాదండీ, కుళాయిల సంగతి మాట్లాడతారట."

"ఏదైతేనేం, బిస్కెట్లు ఇస్తారంటారా?"

పక్కింటావిడ తిన్నగా ఇల్లాలి దగ్గరకే వచ్చింది. "ఏమిటి వదినా విశేషం? మాటమాత్రం చెప్పలేదే?"

మేము చితికిపోయామా లేదా అని చూడటానికి ఒకాయన వస్తున్నాడని పక్కింటివాళ్లకు ఏ ఇల్లాలు చెబుతుంది? "ఏం లేదు వదినా... అమ్మాయి చదువు విషయమై యూనివర్సిటీ నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నారు, అంతే" అంది.

ఆ మాట మొదటి వరసలో 'అమ్మాయి చదువు కోసం యూనివర్సిటీవాళ్లు వస్తున్నారు'గా ఉంది. మూడో వరసకు వెళ్లేసరికి 'అమ్మాయికి యూనివర్సిటీ సన్మానం' అయింది. చివరి వరసవాళ్లు ఎవర్నో పంపి పూలగుత్తి తెప్పించారు.

"నాన్నా, వీళ్లందర్నీ పంపించెయ్యి! ఆయన వచ్చే వేళయింది" అంది అమ్మాయి, గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటూ.

"కూర్చున్నవాళ్లని లేవమని నేనెప్పుడూ అనలేదమ్మా. మన వృత్తిలో ఆ మాట లేదు."

ఆ మాట పూర్తికాకుండానే విచారణాధికారి వీధి మలుపు తిరిగాడు. సన్నటి మనిషి, చంకలో గొడుగు, భుజాన ఫైళ్ల సంచి. ఆ నెలాఖరుకు పదవీ విరమణ. ఆయన ఉద్యోగ జీవితంలో ఒక పెద్ద బాధ ఉంది. విచారణకు వస్తున్నాడని తెలియగానే ప్రతి ఇంట్లోనూ కుర్చీలు మాయమైపోయేవి. బీదతనం కనబడాలని చాప పరిచేవారు. ఏళ్ల తరబడి చాపల మీద కూర్చుని లేచి, కూర్చుని లేచి ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. ఇవాళ కూడా మరో చాపకు మనసు సిద్ధం చేసుకునే వస్తున్నాడు.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఎవరికోసమో అని. వెనక ఎవరూ లేరు. పూలగుత్తి చేతిలో పడింది. ఇద్దరు ఆయన్ను రెండు పక్కలా పట్టుకుని తివాచీ మీదుగా నడిపించి సింహాసనంలో కూర్చోబెట్టారు.

"నేను విచారణ..." అని ఏదో చెప్పబోయాడు. ఈలోగా మఖమలు ఆయన్ను మెత్తగా లోపలికి తీసుకుంది. మోకాళ్లు హాయిగా నిట్టూర్చాయి. చేతులు వెళ్లి సింహాల తలల మీద ఆనాయి. చెప్పబోయిన మాట ఏమిటో ఆయన మరిచిపోయాడు.

"ఇప్పుడు ముఖ్య అతిథిగారు ప్రసంగిస్తారు!" అన్నాడు మైకు మామయ్య. ఎవరూ అనమనలేదు. మైకు ఉంది, ఎదురుగా జనం ఉన్నారు. అతను ఏం చేయగలడు?

జీవితంలో ఎవరూ ప్రసంగించమని అడగని మనిషికి మైకు అందింది. ఆయనకు తెలిసిన విషయం ఒక్కటే, ఫీజు రాయితీ నిబంధనలు. గొంతు సవరించుకుని అదే చెప్పాడు. ఆదాయం తగ్గితే రాయితీని సవరించమని ఎలా కోరాలి, ఎవరు అర్హులు, ఎవరు కారు. జనం ప్రతి నిబంధనకూ చప్పట్లు కొట్టారు. మూడో నిబంధనలోని మినహాయింపును ఎదురింటి పెద్దాయన మళ్లీ చెప్పమని కోరాడు. అధికారి కళ్లు చెమర్చాయి. ఆఫీసులో ఆ మినహాయింపును ఇంతవరకూ ఎవరూ పట్టించుకున్న పాపాన పోలేదు.

అయినా ఆయన డ్యూటీ మరిచే మనిషి కాదు. సంచిలోంచి ఫైలు తీశాడు. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది.

"ఇక ఇంటి యజమానిగారిని అడగవలసినవి కొన్ని ఉన్నాయి. మీ వ్యాపారం బాగా పడిపోయిందని మీ అమ్మాయి దరఖాస్తులో రాసింది. నిజమేనా?"

వీధి మొత్తం చెవులు రిక్కించింది. టెంటాయనకు కాళ్ల కింద తివాచీ కదిలినట్టయింది. ఆయన వృత్తిలో ఒక సంగతి ఉంది. మనిషి చితికిపోయాడన్న మాట ఒకసారి పొక్కిందా, శుభకార్యానికి ఇక ఎవరూ పిలవరు. ఎదురుగా కూర్చున్నవాళ్లంతా రేపో మాపో పెళ్లి చేసేవాళ్లే.

"ఎవరండీ అన్నది? బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు.

"నాన్నా!" అంది అమ్మాయి లోగొంతుకతో.

అధికారి కనుబొమలు పైకి లేచాయి. రాసుకున్నాడు. "అయితే పనులు బాగానే వస్తున్నాయన్నమాట?"

"ఊపిరాడటం లేదండీ."

"మరి సామానెప్పుడూ ఇంట్లోనే కనబడుతుందేం, అన్నయ్యగారూ?" అంది పక్కింటావిడ. ఆవిడకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"అది... అది మిగిలిన సామానమ్మా. అసలు సామాను వేరే చోట ఉంటుంది."

"అంటే గోడౌను ఉందా?" అన్నాడు అధికారి, కలం ఆపి.

బావగారు ఇబ్బంది పడుతుంటే మైకు మామయ్య చూస్తూ ఊరుకోగలడా? "రెండున్నాయండీ!" అన్నాడు.

అధికారి రెండు గోడౌన్లూ రాసుకుని, కింద గీత గీశాడు. తరువాత అమ్మాయి వైపు తిరిగాడు. గొంతు మారింది. "ఏమ్మా, మరి ఈ దరఖాస్తు ఏమిటి? లేని కష్టం ఉన్నట్టు రాస్తే రాయితీ మాట అటుంచు, నీ సీటుకే ఎసరు. తెలుసా?"

టెంటు కింద చప్పట్లు లేవు. అమ్మాయి తండ్రి వంక చూసింది. చెమటలు కారుతున్నా నవ్వు ముఖం దించకుండా, విరిగిన గుంజ పక్కన నిలబడినట్టు నిలబడి ఉన్నాడు ఆయన. ఆమె నెమ్మదిగా అంది. "నాన్న చెప్పింది రాసుకోండి సార్. నేనే తొందరపడ్డాను. దరఖాస్తు వెనక్కి తీసుకుంటాను."

టెంటాయన కూతురి వంక చూశాడు. పెళ్లిళ్లలో కన్నీళ్లు ఆయన చాలా చూశాడు. కుర్చీలు ఎప్పుడు తీసుకెళ్లాలా అని ఎదురుచూస్తూ, దూరం నుంచే చూశాడు. ఈ పిల్ల మాత్రం ఏడవడం లేదు. తన తండ్రి పరువుకు తన చదువును నీడగా కట్టేసి, అన్ని మూలలూ సరిగ్గా లాగి నిలబడింది. నాది ఏపాటి పరువు స్వామీ, ఇంత ఖరీదు చేస్తుందా? అనుకున్నాడు. ఆయన వెళ్లి అధికారి చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"ఒక్క నిమిషం. నేను చెప్పిందంతా అబద్ధం. గోడౌన్లు లేవు. ఉన్న ఒక్కటీ ఖాళీ చేసేశాను. మా పడకగదిలో కుర్చీలు పడుకుంటాయి, మేము నడవాలో పడుకుంటాం. మా ఇంట్లో ఉప్పూ కారం పెద్ద దీపాల గుత్తి కింద వెతుక్కుంటాం. ఇల్లు నిండుగా ఉందని మీరంతా అనుకుంటున్నారు. నా వృత్తిలో ఇల్లు నిండుగా ఉందంటే పని లేదని అర్థం. మా ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే మేము బాగున్నాం. పిలవకపోతే పిలవకండి. కానీ మా అమ్మాయి రాసింది నిజం."

మైకు కీచుమంది. పక్కింటావిడే ముందుగా తేరుకుంది.

"అయ్యో రామ! ఇదా సంగతి? మా పిల్లాడి పుట్టినరోజుకి పాతిక కుర్చీలు కావలసివస్తే హాలుకి వెళ్లాం అన్నయ్యగారూ. వంటింట్లో కూడా దీపాల గుత్తి వేలాడదీసుకున్నవాళ్లు మా పాతిక కుర్చీల బేరం చూస్తారా అని జంకాం!"

"మేమూ అంతే" అన్నాడు ఎదురింటి పెద్దాయన. "సింహాసనం చూసి ఈయన పెద్ద పెద్ద పెళ్లిళ్లకేగానీ రాడనుకున్నాం. వచ్చే వారం మా సంఘం మీటింగు ఉంది, టెంటు కావాలి."

"మా మనవరాలి పెళ్లి ఉంది. ఆ హాలువాడు మనిషిని మనిషిలా చూడటం లేదు" అని వెనక వరసలోంచి ఒకావిడ అందుకుంది.

"రాసుకుంటున్నా, ఒక్కొక్కరే చెప్పండి!" అని మైకు మామయ్య మైకులోనే అన్నాడు. నలువైపులనుంచీ తేదీలు వచ్చిపడ్డాయి.

టెంటాయనకు పొద్దుటి దణ్ణం గుర్తొచ్చింది. మధ్యాహ్నం నుంచి అని స్పష్టంగా అడిగాడు. ఇంకా పన్నెండయినా కాలేదు, ఎదురుగా అధికారి సింహాసనంలో కూర్చుని వింటున్నాడు. ఆయన కళ్లముందే ఆదాయం పెరిగిపోతోంది. "ఇప్పుడొద్దు బాబూ! సారు వెళ్లాక చెప్పండి!" అని ఒకరిని బతిమాలాడు. "తేదీ మరిచిపోతారేమో, ఇప్పుడే రాసుకోండి" అని ఆ మనిషి తిరిగి ఈయన్నే బతిమాలాడు.

అమ్మాయి మామయ్య చేతిలోని మైకు తీగను లాగేసింది. "సార్, ఇవన్నీ..." అని ఏదో అనబోయింది.

అధికారి అప్పటికే ఫైలు మూసి దారం కడుతున్నాడు. "విచారణ ముగిసిందమ్మా. ముగిశాక విన్నవి రాసే నిబంధన నాకు లేదు" అన్నాడు. గోడౌన్లు రెండూ కొట్టేసి ఉన్నాయి. కొట్టివేత పక్కన పొట్టి సంతకం కూడా చేశాడు.

అందరూ లేచారు. ఆయన మాత్రం లేవలేదు. టీ వచ్చింది, తాగాడు. బిస్కెట్లు వచ్చాయి, తిన్నాడు. చివరికి సింహం తల నిమురుతూ, సిగ్గుపడుతూ, టెంటాయనను దగ్గరకు పిలిచాడు.

"ఈ నెలాఖరుకు నా రిటైర్మెంట్ ఫంక్షను. ఇది... అద్దెకిస్తారా?"

"మీకు అద్దేమిటండీ! నేనే తెచ్చి వేయిస్తాను. ఊరికే."

అధికారి ముఖం వికసించి, మళ్లీ ముడుచుకుంది. "ఊరికే తీసుకుంటే లంచం అవుతుంది."

"అయితే అద్దే ఇవ్వండి."

"అద్దె ఇస్తే మీ ఆదాయం పెరుగుతుంది. నా చేతులతో నేనే ఇచ్చాక తెలియదనలేను. విచారణ మళ్లీ తెరవాలి."

ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు. నిబంధనల్లో ఎక్కడా దారి దొరకలేదు. మూడో నిబంధనలోని మినహాయింపు కూడా దీనికి వర్తించలేదు. విచారణాధికారి రెండు చేతులూ సింహాల మీద ఆనించి, బరువుగా లేచి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, టెంటాయన వైపు కాదు.

వారం తిరక్కుండా అమ్మాయికి రాయితీ సవరించినట్టు ఉత్తర్వు వచ్చింది. కారణం కింద ఇలా ఉంది. 'విచారణ సమయమున సామాను మొత్తము ఇంటివద్దనే ఉన్నది. ఒక్క కుర్చీ అయినను అద్దెకు పోలేదు.' దేవుడి ముందు దణ్ణం పెట్టుకుంటూ టెంటాయన, స్వామికి గడియారం లేకపోవడమే మంచిదేమో అనుకున్నాడు. ఆ రోజు ఇంట్లో సగం కుర్చీలు లేవు. పడకగదిలో మంచం కనబడింది.

అధికారి రిటైర్మెంట్ ఫంక్షనుకు అమ్మాయి పూలగుత్తి పట్టుకుని వెళ్లి వచ్చింది.

"ఎలా జరిగిందే?" అని అడిగాడు టెంటాయన.

"బాగానే జరిగింది నాన్నా. అందరూ ఆయన గురించి బాగా మాట్లాడారు. ఆయన మాత్రం మొదటి నుంచి చివరిదాకా నిలబడే ఉన్నారు."

"అదేమిటి, కుర్చీ వెయ్యలేదా?"

"వేశారు. మామూలు కుర్చీలో కూర్చోవడం అలవాటు తప్పిందన్నారు."